ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్: వంతెనల ఆచార్యుడి విద్యా ప్రస్థానం

ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ (1909 జులై – 1999 డిసెంబరు 30) జర్మనీకి చెందిన సివిల్ ఇంజినీరు, స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 20వ శతాబ్దపు వంతెనల రూపకర్తల్లో ముందు వరుసలో నిలిచినవాడు. పెట్టె ఆకారపు ఉక్కు గర్డర్లు, తీగల వంతెనలు, ఒడ్డున పోతపోసి నది మీదికి తోసే కాంక్రీటు వంతెనలు అన్న మూడు రకాల ఎదుగుదలలోనూ ఆయన పాత్ర ఉంది. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుపై, అంటే కేబుళ్ళతో ముందుగానే నొక్కి ఉంచే కాంక్రీటుపై, ఆయన రాసిన పుస్తకం చాలా దేశాల ఇంజినీర్లకు పాఠ్యగ్రంథమైంది. సైటులో ఎదురైన చిక్కును ప్రయోగశాలకు, అక్కడ తేలిన ఫలితాన్ని తరగతి గదికి, తరగతిలో తయారైన విద్యార్థిని మళ్ళీ సైటుకు చేర్చడం ఆయన వృత్తి జీవితమంతా సాగింది.

నిర్వచనం, పరిధి

వంతెనలను ప్రత్యేక విషయంగా ఎంచుకున్న సివిల్ ఇంజినీరింగ్ ఆచార్యుడి పని నాలుగు రకాలు. మొదటిది బోధన: బలాల లెక్క, పదార్థాల స్వభావం, డిజైన్ పద్ధతులు విద్యార్థులకు నేర్పడం. రెండోది పరిశోధన: దూలాలను, కేబుళ్ళను, నమూనాలను ప్రయోగశాలలో విరిగేదాకా పరీక్షించడం. మూడోది సలహా: అసలు నిర్మాణాలకు డిజైన్ ఇవ్వడం, లేదా ఇతరులు చేసిన డిజైన్‌ను స్వతంత్రంగా పరిశీలించే ప్రూఫ్ చెకింగ్. నాలుగోది ప్రమాణాల రూపకల్పన: దేశం మొత్తానికి వర్తించే కోడ్‌లను తయారుచేసే సంఘాల్లో పనిచేయడం.

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో ఇంజినీరింగ్ పీఠాన్ని అధిష్ఠించే ఆచార్యుడు సొంతంగా డిజైన్ కార్యాలయం నడుపుకోవచ్చు. అందువల్ల నిర్మాణ రంగంలో పేరు తెచ్చుకున్న ఇంజినీరును నడివయసులో ఆచార్యుడిగా పిలవడం అక్కడ పరిపాటి. లియోన్‌హార్ట్‌కూ అలాగే పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన వయసు యాభైకి చేరువలో ఉంది.

చారిత్రక నేపథ్యం

వంతెనల విద్యకు విడిగా సంస్థ ఏర్పడింది ఫ్రాన్సులో. 1747లో పారిస్‌లో మొదలైన వంతెనలు, రహదారుల పాఠశాలకు తొలి అధిపతి జ్యాఁ-రొడోల్ఫ్ పెరొనె. ఆయన స్వయంగా రాతి ఆర్చ్ వంతెనలు కట్టిన ఇంజినీరు.

19వ శతాబ్దపు మధ్యలో జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కార్ల్ కుల్‌మన్ బలాలను గీతలతో లెక్కించే గ్రాఫిక్ స్టాటిక్స్‌ను వృద్ధి చేశాడు. ఆయన వారసుడు విల్‌హెల్మ్ రిట్టర్. స్విట్జర్లాండ్‌లో పలుచని కాంక్రీటు ఆర్చ్‌లు కట్టిన రాబర్ట్ మయ్యార్, న్యూయార్క్ వంతెనల రూపకర్త ఓథ్మార్ అమ్మన్ ఇద్దరూ రిట్టర్ శిష్యులే.

కాంక్రీటు దూలం లోపల బలాలు ఎలా ప్రవహిస్తాయో వివరించడానికి రిట్టర్ 1899లో ఒక నమూనా ప్రతిపాదించాడు. పగుళ్ళు వారిన దూలంలో ఉక్కు లాగుడును, పగుళ్ళ మధ్య ఏటవాలుగా మిగిలిన కాంక్రీటు నొక్కుడును మోస్తాయని, రెండూ కలిసి ఒక ట్రస్‌లా, అంటే త్రికోణాల చట్రంలా, పనిచేస్తాయని అందులోని భావన. ఎమిల్ మోర్ష్ దీన్ని విస్తరించాడు. కొంతకాలం జ్యూరిక్‌లో బోధించిన మోర్ష్ 1916లో స్టుట్‌గార్ట్‌కు ఆచార్యుడిగా వచ్చాడు. లియోన్‌హార్ట్ విద్యార్థిగా చేరేనాటికి అక్కడి కాంక్రీటు బోధనకు పెద్దదిక్కు మోర్షే.

విద్యాభ్యాసం

లియోన్‌హార్ట్ పుట్టింది, చదివింది స్టుట్‌గార్ట్‌లోనే. 1927 నుంచి 1931 వరకు అక్కడి సాంకేతిక కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. సిద్ధాంతానికి మోర్ష్, పదార్థాల పరీక్షకు ఓట్టో గ్రాఫ్ అప్పుడు అక్కడ ప్రసిద్ధులు.

1932లో మార్పిడి విద్యార్థిగా అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అమెరికాలో వేలాడే వంతెనలకు అది ఉచ్చ దశ. 1067 మీటర్ల స్పాన్‌తో (ఆధారాల మధ్య దూరంతో) న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ వంతెన అంతకు ముందు ఏడాదే తెరుచుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పనులు 1933లో మొదలయ్యాయి. జర్మనీకి తిరిగొచ్చిన కొన్నేళ్ళకే రైన్ నదిపై వేలాడే వంతెన కట్టే బాధ్యత వచ్చినప్పుడు ఈ అమెరికా అనుభవం అక్కరకొచ్చింది.

ఆయన డాక్టరేట్ పరిశోధన గర్డర్ల అల్లికపై. వంతెన మీద నిలువుగా, అడ్డంగా వేసిన గర్డర్లలో ఒకదానిపై బరువు పడితే మిగతావి ఎంతెంత పంచుకుంటాయన్నది అందులోని ప్రశ్న. కంప్యూటర్లు లేని కాలంలో ఈ లెక్క చాలా శ్రమతో కూడినది. లియోన్‌హార్ట్ దాన్ని సరళం చేశాడు. వోల్ఫ్‌హార్ట్ ఆండ్రేతో కలిసి దాన్ని పెంచి 1950లో పుస్తకంగా తెచ్చాడు.

ఆచార్య పదవికి ముందు

*రహదారుల శాఖ, రోడెన్‌కిర్షెన్.* 1934లో జర్మనీ ఆటోబాన్ రహదారుల నిర్మాణ విభాగంలో చేరాడు. ఇంజినీరు కార్ల్ షెష్టర్లే, వాస్తుశిల్పి పౌల్ బొనాట్జ్‌లతో కలిసి పనిచేశాడు. కొలోన్ సమీపంలోని రోడెన్‌కిర్షెన్ వద్ద రైన్ నదిపై 378 మీటర్ల స్పాన్‌తో వేలాడే వంతెన బాధ్యత చేపట్టినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1941లో పూర్తయిన ఆ వంతెన 1945 జనవరిలో బాంబు దాడులకు కూలింది. 1954లో మళ్ళీ లేచి నిలబడింది.

*కొలోన్-డాయిట్జ్.* రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రైన్‌పై వంతెనలు దాదాపు అన్నీ నేలమట్టమయ్యాయి. ఉక్కు కొరత తీవ్రంగా ఉంది. 1948లో పూర్తయిన కొలోన్-డాయిట్జ్ వంతెనకు పాత స్తంభాలనే వాడుకుని, పైన పలుచని ఉక్కు పలకలతో లోపల బోలుగా ఉండే పెట్టె గర్డర్ వేశారు. ప్రధాన స్పాన్ 184 మీటర్లు. ఉక్కు పెట్టె గర్డర్ వంతెనల్లో (చూ. బాక్స్ గర్డర్) ఇది తొలి పెద్ద ఉదాహరణ. పెట్టె ఆకారం మెలిపెట్టే బలాలను బాగా తట్టుకుంటుంది, తక్కువ ఉక్కుతో ఎక్కువ దూరం దాటుతుంది.

*కార్యాలయం, తొలి గ్రంథం.* 1953లో ఆండ్రేతో భాగస్వామ్యంలో లియోన్‌హార్ట్-ఆండ్రే కార్యాలయం ఏర్పడింది. 1955లో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుపై ఆయన బృహద్గ్రంథం వెలువడింది. ఇంజినీరు మరవకూడని పది సూత్రాలను అందులో పొందుపరిచాడు. కాంక్రీటును ముందుగా నొక్కి ఉంచాలంటే అది కుంచించుకుపోయే వీలుండాలన్నది వాటిలో ఒకటి. అటూ ఇటూ కదలకుండా బిగించిన చోట కేబుల్‌ను ఎంత లాగినా ఆ ఒత్తిడి కాంక్రీటుకు చేరదు.

*టెలివిజన్ టవర్.* 1956 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్‌లో ఆయన రూపకల్పన చేసిన టెలివిజన్ టవర్ ప్రారంభమైంది. ప్రపంచంలో కాంక్రీటుతో లేచిన తొలి టెలివిజన్ టవర్ ఇదే. ఆ తర్వాత అనేక నగరాల్లో కట్టిన టవర్లు దీని బాటలో నడిచాయి.

ఆచార్య పదవి

1950ల చివర్లో తాను చదివిన స్టుట్‌గార్ట్‌లోనే కాంక్రీటు నిర్మాణాల పీఠానికి ఆచార్యుడై, 1974 వరకు ఆ బాధ్యతలో ఉన్నాడు. కార్యాలయాన్ని వదులుకోలేదు. ఆ రెండింటి మధ్య ప్రశ్నలు, మనుషులు అటూ ఇటూ నిరంతరం ప్రయాణించేవి.

*ప్రయోగశాల: కోత బల పరీక్షలు.* 1960ల ఆరంభంలో రెనె వాల్టర్‌తో కలిసి చేసిన పరీక్షలు స్టుట్‌గార్ట్ కోత బల పరీక్షలుగా ప్రసిద్ధికెక్కాయి. దూలం వంగి విరగడం మెల్లగా, ముందు హెచ్చరికతో జరుగుతుంది. ఆధారాలకు దగ్గరగా ఏటవాలు పగులుతో తెగిపోవడం మాత్రం హఠాత్తుగా జరుగుతుంది. దాన్ని ఆపడానికి వేసేవే స్టిరప్‌లు, అంటే సైటు భాషలో రింగులు. ఎన్ని రింగులు వేయాలన్నది మోర్ష్ నమూనా ప్రకారం లెక్కించేవారు. ఆ నమూనాలో నొక్కుడు పట్టీలు 45 డిగ్రీల వాలులో ఉంటాయని ఊహ.

లియోన్‌హార్ట్, వాల్టర్ దూలాల నడిమి గోడ (వెబ్) మందాన్ని మారుస్తూ, మిగతా కొలతలను అలాగే ఉంచి పరీక్షలు జరిపారు. గోడ మందంగా ఉన్న దూలాల్లో రింగులపై పడే లాగుడు మోర్ష్ లెక్క చెప్పినదానికన్నా చాలా తక్కువని తేలింది. గోడ పలుచబడే కొద్దీ అది పెరుగుతూ ఆ లెక్కకు దగ్గరైంది. పైభాగంలోని నొక్కుడు పట్టీ కూడా ఏటవాలుగా వంగి, కోత బలంలో కొంత వాటాను తనే మోయడం దీనికి ఒక కారణమని వివరించారు. గురుపీఠం నుంచి వచ్చిన సిద్ధాంతాన్ని కొట్టివేయకుండా, అది ఎక్కడ నిజమో, ఎక్కడ అతిగా జాగ్రత్తపడుతోందో కొలిచి చూపిన పరిశోధన ఇది. రింగుల పరిమాణాన్ని నిర్ణయించే నియమాల చర్చలో ఈ ఫలితాలు ప్రధాన ఆధారాలయ్యాయి.

*బోధన, పాఠ్యగ్రంథాలు.* ఆయన తరగతి పాఠాలు 1973 నుంచి ఆరు భాగాల గ్రంథమాలగా వెలువడ్డాయి. తొలి భాగాలకు ఎడ్వర్డ్ మ్యోనిగ్ సహరచయిత. చివరి భాగం పూర్తిగా కాంక్రీటు వంతెనలకే కేటాయించినది. కడ్డీలను మూలల్లో ఎలా వంచాలి, ఎక్కడ ఆపాలి, కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటర్ సూది దూరేందుకు ఎంత ఖాళీ వదలాలి వంటి వివరాలకు సిద్ధాంతంతో సమానంగా చోటివ్వడం ఈ గ్రంథమాల విశిష్టత. లెక్క సరిగా ఉన్నా కడ్డీల అమరిక సరిగా లేకపోతే కట్టడం దెబ్బతింటుందన్న సైటు అనుభవమే దీనికి మూలం.

*సంస్థల నిర్మాణం, రెక్టరు పదవి.* వాస్తుశిల్పి ఫ్రై ఓట్టోను 1964లో స్టుట్‌గార్ట్‌కు రప్పించి, తేలిక నిర్మాణాల పరిశోధన సంస్థ ఏర్పడేలా చూసింది లియోన్‌హార్ట్. అక్కడి ఆలోచనలు, ఆయన కార్యాలయపు లెక్కలు కలిసి 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడాంగణపు కేబుల్ వల పైకప్పుగా రూపుదిద్దుకున్నాయి. 1967 నుంచి 1969 వరకు ఆయన విశ్వవిద్యాలయ రెక్టరు. సాంకేతిక కళాశాల స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకున్నదీ, పశ్చిమ జర్మనీ అంతటా విద్యార్థుల ఆందోళనలు చెలరేగినదీ ఆ కాలంలోనే.

వంతెన రకాలు, పనిచేసే తీరు

*తీగల వంతెనలు.* ఎత్తయిన స్తంభాల నుంచి వాలుగా దిగే కేబుళ్ళు నేరుగా డెక్‌ను, అంటే రాకపోకలు సాగే పైతలాన్ని, పట్టి ఉంచితే అది తీగల వంతెన, అంటే కేబుల్-స్టేడ్ వంతెన (చూ. వేలాడే వంతెన). ఫ్రాన్జ్ డిషింగర్ రూపకల్పనతో స్వీడన్‌లో 1955లో పూర్తయిన స్ట్రోమ్‌సుండ్ వంతెన ఆధునిక కాలంలో ఈ రకానికి నాంది. రెండేళ్ళకే జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో 260 మీటర్ల స్పాన్‌తో టెయోడోర్ హోయిస్ వంతెన తెరుచుకుంది. నగర ప్రణాళికాధికారి ఫ్రీడ్రిష్ టామ్స్, లియోన్‌హార్ట్ కలిసి ఒకే నది మీద వరుసగా వచ్చే వంతెనలన్నీ ఒక కుటుంబంలా కనిపించాలని నిర్ణయించారు. అన్నిటా కేబుళ్ళు వీణ తీగల్లా ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఏ కోణంలోంచి చూసినా అవి అడ్డదిడ్డంగా ఖండించుకోవు.

ఈ కుటుంబంలో మూడోది 1976 నాటి ఓబర్‌కాసెల్ వంతెన. పాత వంతెనపై రాకపోకలు ఆగకుండా కొత్తదాన్ని పక్కనే పూర్తిగా కట్టి, పాతదాన్ని తొలగించాక, స్తంభం, కేబుళ్ళు సహా మొత్తాన్ని 47.5 మీటర్లు పక్కకు జరిపి అసలు స్థానంలో నిలిపారు.

కాంక్రీటు డెక్‌తోనూ తీగల వంతెన పొదుపుగా కట్టవచ్చని అమెరికాలోని పాస్కో-కెన్నెవిక్ వంతెన 1978లో చూపింది. కొలంబియా నదిపై 299 మీటర్ల ప్రధాన స్పాన్‌తో ఉన్న దీన్ని ఆర్విడ్ గ్రాంట్ కార్యాలయం, లియోన్‌హార్ట్ కార్యాలయం కలిసి రూపొందించాయి.

*తోసి నిలిపే వంతెనలు.* లోతైన నదిలో పరంజా వేయడం ఖర్చుతో, ప్రమాదంతో కూడిన పని. వెనెజువెలాలోని కరోనీ నదిపై 1960ల తొలి ఏళ్ళలో లియోన్‌హార్ట్, విల్లి బౌర్ దీనికి మరో దారి వేశారు. 480 మీటర్ల కాంక్రీటు గర్డర్‌ను ఒడ్డున సిద్ధం చేసి, ముందు భాగానికి తేలికైన ఉక్కు ముక్కు తగిలించి, జాక్‌లతో నది మీదికి తోశారు. బేరింగుల వద్ద టెఫ్లాన్ పలకలు వాడటంతో రాపిడి బాగా తగ్గి, మొత్తం బరువులో కొద్ది శాతం బలంతోనే కట్టడం కదిలింది.

తర్వాత ఆస్ట్రియాలోని కూఫ్‌స్టైన్ దగ్గర ఇన్ నదిపై ఈ పద్ధతి ఇంకా సులువైంది. ఒడ్డునున్న ఒకే అచ్చులో ఒక ముక్క పోతపోయడం, గట్టిపడ్డాక దాన్ని ముందుకు తోసి, ఖాళీ అయిన అచ్చులో దానికి అతికేలా తర్వాతి ముక్క పోయడం దీని క్రమం. ముందుకు జరిగే కొద్దీ గర్డర్‌లోని ప్రతి భాగం ఒకసారి స్తంభం మీదా, మరోసారి స్పాన్ మధ్యా ఉంటుంది. కాబట్టి పైనా కిందా రెండు వైపులా లాగుడు వచ్చే వీలుంది. అందుకే తోసే దశలో గర్డర్ అంతటా సమానంగా నొక్కి ఉంచే కేబుళ్ళు వేస్తారు. ఇంక్రిమెంటల్ లాంచింగ్ పేరుతో ఇది ప్రపంచమంతా వ్యాపించింది.

*గాలికి లొంగని రూపం.* 1940 నవంబరు 7న అమెరికాలో 853 మీటర్ల ప్రధాన స్పాన్ గల టకోమా నారోస్ వంతెన ఓ మోస్తరు గాలికే ఊగి కూలింది. లోతైన ట్రస్‌లతో డెక్‌ను బిగించడమే దీనికి అమెరికన్ ఇంజినీర్లు ఎంచుకున్న మందు. డెక్‌కు గాలి సాఫీగా జారిపోయే పలుచని ఆకారం ఇస్తే ఊపు పుట్టించే సుడులే తగ్గుతాయని లియోన్‌హార్ట్ వాదించాడు. లిస్బన్‌లోని టాగస్ నది వంతెన కోసం ఆయన చేసిన అలాంటి డిజైన్ కార్యరూపం దాల్చలేదు. బ్రిటన్ ఇంజినీర్లు 1966లో సెవర్న్ వంతెనను గాలికి అనువైన పెట్టె డెక్‌తో కట్టారు. పొడవైన వేలాడే వంతెనలకు ఆ ఆకారం తర్వాత వాడుకలోకి వచ్చింది.

సౌందర్య దృష్టి

లియోన్‌హార్ట్ 1982లో జర్మన్, ఇంగ్లిషు భాషల్లో ఒకే సంపుటంగా వంతెనల సౌందర్యంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందం అలంకారంతో వచ్చేది కాదని, రేఖల క్రమం, భాగాల మధ్య నిష్పత్తి, పరిసరాలతో పొత్తు నుంచి పుడుతుందని అందులో ఉదాహరణలతో నిరూపించే ప్రయత్నం చేశాడు. స్తంభాల మందాన్ని స్పాన్‌తో, డెక్ లోతును లోయ ఎత్తుతో పోల్చి చూడటం విద్యార్థులకు అలవాటు చేయాలన్నది ఆయన అభిప్రాయం. ఇంజినీరు, వాస్తుశిల్పి మొదటి గీత నుంచే కలిసి పనిచేయాలన్న నమ్మకం బొనాట్జ్‌తో గడిపిన రోజుల నుంచి ఆయనకు ఉంది.

చర్చలు, విమర్శలు

ఆయన తొలి వృత్తి జీవితం నాజీ పాలనలో గడిచింది. ఆటోబాన్ ఆ ప్రభుత్వం ఎంతగానో ప్రచారం చేసుకున్న పథకం. యుద్ధకాలంలో ఆయన సైనిక నిర్మాణాల సంస్థ ఆర్గనైజేషన్ టోడ్ట్‌లోనూ పనిచేశాడు. ఆ కాలం గురించి ఆయన స్వయంగా 1984 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తరం జర్మన్ ఇంజినీర్ల పాత్రను పరిశీలించే చరిత్రకారులు ఈ కోణాన్ని విడిచిపెట్టరు.

సాంకేతిక చర్చ మరొకటి ఉంది. 1950, 60 దశకాల్లో జర్మనీలో వేగంగా కట్టిన కొన్ని ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు వంతెనల్లో తర్వాత పగుళ్ళు కనిపించాయి. ఎండకు డెక్ పైభాగం వేడెక్కి, కింది భాగం చల్లగా ఉండటం వల్ల పుట్టే బలాలను తొలి డిజైన్లు తక్కువగా అంచనా వేశాయి. మామూలు కడ్డీలను మరీ తగ్గించాయి. లియోన్‌హార్ట్ 1979లో ఈ పగుళ్ళ కారణాలు, నివారణలపై వ్యాసం ప్రచురించాడు. కేబుళ్ళు ఎన్ని ఉన్నా కనీస పరిమాణంలో మామూలు కడ్డీలు తప్పనిసరని బలంగా చెప్పాడు. తానే ప్రచారం చేసిన విధానానికి సవరణ సూచించిన పరిశోధనగా దీనికి ప్రాముఖ్యం ఉంది.

శిష్యులు, వారసులు

1974లో ఆయన పీఠాన్ని యోర్గ్ ష్లైష్ చేపట్టి 2000 వరకు కొనసాగించాడు. మ్యూనిక్ పైకప్పు పనికి లియోన్‌హార్ట్ కార్యాలయంలో సారథ్యం వహించింది ఈయనే. రిట్టర్, మోర్ష్‌ల ట్రస్ భావనను దూలాలకే పరిమితం చేయకుండా, స్తంభాల తలలు, కేబుల్ బిగింపు స్థానాలు వంటి క్లిష్టమైన భాగాలకూ వర్తించే స్ట్రట్-అండ్-టై పద్ధతిగా 1987లో ష్లైష్ సహచరులతో కలిసి తీర్చిదిద్దాడు. ఐరోపా, అమెరికా కోడ్‌లు దాన్ని స్వీకరించాయి. కోత బల పరీక్షల సహపరిశోధకుడు వాల్టర్ స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై తీగల వంతెనలపై ప్రామాణిక గ్రంథం తెచ్చాడు. ష్లైష్ తర్వాత వెర్నర్ జోబెక్ కాలంలో కాంక్రీటు పీఠం, ఫ్రై ఓట్టో సంస్థ ఒకే సంస్థగా విలీనమయ్యాయి.

భారతదేశంతో, తెలుగు నేలతో సంబంధం

కోల్‌కతాలో హుగ్లీ నదిపై 1992 అక్టోబరులో ప్రారంభమైన విద్యాసాగర్ సేతు 457.2 మీటర్ల ప్రధాన స్పాన్ గల తీగల వంతెన. ష్లైష్ లియోన్‌హార్ట్ కార్యాలయంలో ఉండగానే దీని డిజైన్ ఆయన చేతుల్లో మొదలైంది. స్థానికంగా దొరికే ఉక్కు, అందుబాటులో ఉన్న పనివాళ్ళ నైపుణ్యం దృష్టిలో పెట్టుకుని వెల్డింగు బదులు రివెట్లతో కలిపే పద్ధతి ఎంచుకున్నారు.

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరిపై 1997లో పూర్తయిన ఆర్చ్ రైలు వంతెనలో ఒక్కొక్కటి 97.552 మీటర్ల చొప్పున 28 స్పాన్లున్నాయి. కాంక్రీటు ఆర్చ్‌ల నుంచి వేలాడే ప్రీస్ట్రెస్డ్ పెట్టె గర్డర్ మీద రైళ్ళు నడుస్తాయి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టిన ఈ వంతెనకు జ్యూరిక్‌కు చెందిన బీబీఆర్ సంస్థ డిజైన్ ఇవ్వగా, లియోన్‌హార్ట్-ఆండ్రే సంస్థ ప్రూఫ్ చెకింగ్ చేసింది.

జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ నదిపై 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల ఉక్కు ఆర్చ్‌తో లేచిన రైలు వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. మొత్తం పొడవు 1315 మీటర్లు. ఆర్చ్ డిజైన్ లియోన్‌హార్ట్-ఆండ్రే సంస్థది. ఆర్చ్ పాదాలు ఆనే కొండవాలుల స్థిరత్వం బాధ్యత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దక్కింది. అక్కడి ఆచార్యురాలు గాలి మాధవీలత ప్రకాశం జిల్లాకు చెందినవారు. కాకినాడ, వరంగల్, ఐఐటీ మద్రాసుల్లో చదివిన ఆమె దాదాపు 17 ఏళ్ళు ఈ పనిలో ఉన్నారు. తవ్వే కొద్దీ బయటపడిన బీటల్ని, రాతి పొరల్ని బట్టి డిజైన్‌ను ఎప్పటికప్పుడు సవరించుకుంటూ సాగిన ఆ అనుభవాన్ని ఆమె పరిశోధన వ్యాసంగా ప్రచురించారు (చూ. శిలా యాంత్రిక శాస్త్రం).

ప్రాధాన్యం

ఇంజినీరింగ్ ఆచార్యత్వానికి లియోన్‌హార్ట్ వృత్తి జీవితం ఒక నమూనాగా చర్చకు వస్తుంది. అందులో మూడు అంశాలు ప్రధానం. నిర్మాణ అనుభవం ఉన్నవారిని బోధనలోకి తీసుకోవడం మొదటిది. పూర్వ ఆచార్యుల సిద్ధాంతాన్ని ప్రయోగంతో పరీక్షించి, కోడ్‌ల దాకా తీసుకెళ్ళడం రెండోది. ఒక పీఠం నుంచి తరతరాలుగా ఒకే ప్రశ్నను ముందుకు నడపడం మూడోది. రిట్టర్ 1899లో గీసిన ట్రస్ మోర్ష్, లియోన్‌హార్ట్, ష్లైష్‌ల చేతుల మీదుగా నేటి కోడ్‌లకు చేరిన తీరు ఈ మూడో అంశానికి స్పష్టమైన ఉదాహరణ.

ఆయన పేరిట నెలకొల్పిన ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ పురస్కారాన్ని తొలిసారి 1999లో ఫ్రెంచ్ వంతెనల ఇంజినీరు మిషెల్ విర్లొజోకు ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో లియోన్‌హార్ట్ స్టుట్‌గార్ట్‌లో మరణించాడు. ఆయన స్థాపించిన కార్యాలయం లియోన్‌హార్ట్, ఆండ్రే అండ్ పార్ట్‌నర్ పేరుతో నేటికీ వంతెనల డిజైన్‌లో ఉంది.